సరుకు కన్నా ముందు మనిషి: ఆన్‌లైన్‌లో తొలి వ్యాపారం మొదలుపెట్టేవారికి

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం అమలాపురంలో నా ముందు కూర్చున్నవారిలో చదువు ముగించి ఉద్యోగం కోసం చూస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు. డ్వాక్రా సంఘాల్లో అప్పు తీసుకుని, తీర్చి, మళ్లీ తీసుకుని డబ్బు లెక్కలో ఆరితేరిన అక్కలు ఉన్నారు. కొబ్బరికాయ ధర పడిపోయిన ప్రతిసారీ తోటను చూసి దిగులుపడే రైతులూ ఉన్నారు. మీరు ముందుగా రాసి ఇచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడుగుతున్నాయి: ఇంటర్నెట్‌లో ఏం అమ్మితే లాభం వస్తుంది? ఆ ప్రశ్నకు నేరుగా ఒక సరుకు పేరు చెప్పి కూర్చోవడం నాకు సులభమే, కాని అది మీకు మేలు చేయదు. ఎవరికి అమ్మాలి అన్న ప్రశ్న తేలిన తరువాతే ఏం అమ్మాలన్నది తేలుతుందని నా గట్టి నమ్మకం. ఇవాళ నేను చెప్పేదంతా ఆ నమ్మకానికి కారణాలూ, దాన్ని ఆచరణలో పెట్టే పద్ధతీ మాత్రమే.

దీనికి రుజువు కోసం దూరం వెళ్లనక్కరలేదు, వశిష్ఠ గోదావరి దాటితే చాలు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు సన్నని దారంతో, కొక్కెపు సూదితో లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చిన ఆ పని తరతరాలుగా ఇంటి అరుగుల మీద సాగుతూ వచ్చింది. అల్లినవి సముద్రాలు దాటి ఐరోపాలోనూ అమెరికాలోనూ భోజనాల బల్లల మీదికీ, దుస్తుల అంచుల మీదికీ చేరాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇంత పేరున్న పనిలో, రోజంతా కళ్లు చిట్లించుకుని అల్లిన తల్లికి మిగిలింది మాత్రం చాలా కొద్ది. లాభంలో పెద్ద వాటా ఎగుమతి చేసేవారికీ మధ్యవర్తులకూ వెళ్లింది. దీనికి కారణం నైపుణ్యం లోపం కాదు. ఆ లేసు ఎవరి ఇంటికి వెళుతుందో, వారు ఏ రంగు అడుగుతారో, ఏ పండుగకు కొంటారో, ఎంత ధర పెడతారో అల్లినవారికి తెలియదు, మధ్యలో ఉన్నవారికి తెలుసు. కొనేవారి సంగతి ఎవరికి తెలుసో వారి దగ్గరే లాభం ఆగింది. ఇంటర్నెట్ మనకు ఇచ్చిన అసలైన అవకాశం దుకాణం అద్దె లేకుండా అమ్ముకోవడం ఒక్కటే అనుకోవద్దు. కొనేవారితో మనమే మాట్లాడగలగడం అంతకన్నా విలువైనది.

వ్యాపారం చదివినవారు నిచ్ అనే మాట వాడుతుంటారు. పెద్ద మార్కెట్‌లో ఒక చిన్న భాగాన్ని పట్టుకుని, ఆ భాగంలోని మనుషుల అవసరానికి కొలిచినట్టుగా సరుకునో సేవనో అందించడాన్ని అలా అంటారు. మిఠాయిలు అమ్ముతాను అంటే అది నిచ్ కాదు. దేశమంతటా మిఠాయిలు అమ్మేవారందరితోనూ, వారి పెట్టుబడితోనూ, వారి ప్రకటనల ఖర్చుతోనూ మీరు పోటీకి దిగుతున్నారు. ఆ చిన్న భాగాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవి: ఆ మనుషులు ఎక్కడో ఒకచోట గుంపుగా దొరకాలి, అంటే ఒక వాట్సాప్ గ్రూపులోనో, ఒక అపార్ట్‌మెంట్ సంఘంలోనో, ఒక యూట్యూబ్ చానల్ కింద వ్యాఖ్యలు రాసేవారిలోనో వారిని కలుసుకోగలగాలి. వారి అవసరం మళ్లీ మళ్లీ రావాలి, లేకపోతే ఒక్కసారే వచ్చినా పెద్దదై ఉండాలి. ఇప్పటికే ఆ అవసరానికి వారు ఎక్కడో డబ్బు పెడుతూ ఉండాలి. చివరిగా, ఆ విషయంలో ఢిల్లీలోనో ముంబైలోనో కూర్చున్న వ్యాపారికి తెలియనిదేదో మీకు తెలిసి ఉండాలి. ఈ చివరి షరతు నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యం, ఎందుకంటే డబ్బులోనూ వేగంలోనూ మనం పెద్దవారిని గెలవలేము, తెలివిడిలో గెలవగలం.

మన ప్రాంతంలో ఎవరిని అడిగినా మొదట నోట వచ్చేది పూతరేకులు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఈ ఆలోచన మరింత పెరిగింది. బోర్లించిన కుండ మీద పల్చని బియ్యపు పిండితో రేకు తీయడం ఎంత నేర్పుతో కూడిన పనో మీ అందరికీ తెలుసు, ఆ చేతులకు నేను నమస్కరిస్తాను. అయినా కొత్తగా వచ్చేవారు దీనితోనే మొదలుపెడతామంటే నేను రెండు విషయాలు ముందుకు పెడతాను. ఒకటి, ఇదే సరుకును ఇదే పేరుతో అమ్ముతున్నవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు, అక్కడ కొత్తవాడికి మిగిలే ఆయుధం ధర తగ్గించడమే. రెండవది కొరియర్ లెక్క. ఇది చాలామందికి మొదటి పార్సిల్ పంపేదాకా తెలియదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

కొరియర్ సంస్థలు పెట్టె అసలు బరువునూ, అది ఆక్రమించే చోటునూ రెంటినీ చూసి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. చోటును బరువుగా మార్చడానికి చాలా సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. పూతరేకులు నలగకుండా ఉండాలంటే చుట్టూ మెత్తటి పొరతో 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తున్న పెట్టె వాడారనుకోండి. గుణిస్తే 9000, భాగిస్తే 1.8. లోపల ఉన్నది అరకిలో మిఠాయే అయినా మీరు కట్టేది 1.8 కిలోలకు, అదీ చాలాచోట్ల పై అంకెకు సర్ది 2 కిలోలకు. ఇప్పుడు అదే లెక్కను నరసాపురం లేసుకు వేయండి. మడతపెట్టిన బల్ల గుడ్డ 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 3 ఎత్తున్న కవరులో ఒదిగితే గుణకారం 2250, భాగిస్తే 0.45. అరకిలో కూడా లేదు. అది పాడవదు, విరగదు, ఎండకు కరగదు, ఈ నెల అమ్ముడుపోకపోతే వచ్చే నెల అమ్ముడుపోతుంది. సరుకు ఎంచుకునేటప్పుడు రుచీ అందమూ చూసే మనం, అది ప్రయాణానికి తగినదా కాదా అన్నది కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

లేసును ఎవరికి అమ్మాలి అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఇంటి అలంకరణ అంటే మళ్లీ సముద్రమే. మన డెల్టాలో క్రైస్తవ కుటుంబాలు ఎన్ని ఉన్నాయో, ప్రతి ఊళ్లో ఎన్ని చర్చిలున్నాయో చూడండి. చర్చి బల్ల మీద పరిచే వస్త్రం, ప్రార్థనలో తల మీద వేసుకునే ముసుగు, పసిబిడ్డ జ్ఞానస్నానానికి వేసే తెల్లని గౌను, టోపీ, చిన్న మేజోళ్లు, ఇవన్నీ లేసు ఉన్నచోట మరింత అందం తెచ్చుకునే వస్తువులు. వీటిని కొనేవారు సంఘాలుగా కలిసే ఉంటారు, ఒకరు కొంటే పదిమంది కళ్లపడుతుంది. బల్ల కొలతలు ముందే అడిగి అల్లించి ఇవ్వగలిగినవారు దూరంగా ఉన్న పెద్ద కంపెనీల్లో దొరకరు, నరసాపురంలో దొరుకుతారు. ఇందులో మీకు ఉన్న అనుకూలత ధర కాదు, కొలత. ఇది తప్పక లాభం ఇస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు. సరుకు నుంచి కాక మనిషి నుంచి ఆలోచిస్తే అదే లేసుకు ఎంత స్పష్టమైన తలుపు కనిపిస్తుందో చూపించడానికి చెబుతున్నాను.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరగా ఉన్న ఉదాహరణ చెబుతాను. గోదావరి జిల్లాల్లో సారె అంటే ఏమిటో మీకు నేను వివరించనక్కరలేదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు, సీమంతానికి, ఆషాఢానికి, పుట్టింటివారు పంపిన మిఠాయిలు వీధి మొత్తానికి పంచితేనే ఆ ఇంటికి తృప్తి. ఒకప్పుడు కావిళ్లలో వెళ్లిన ఆ సారెకు ఇవాళ దారి మారింది. పుట్టిల్లు హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలోనో నిజాంపేటలోనో ఉంటుంది, అత్తవారిల్లు బెంగళూరులోనో పుణెలోనో ఉంటుంది, సున్నుండలు చేయగలిగిన పెద్దమ్మ మాత్రం ఇంకా కొత్తపేటలోనో రావులపాలెంలోనో ఉంటుంది. కూతురి సీమంతానికి నెల రోజుల ముందు ఆ తల్లికి వచ్చే ఆందోళన ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఎన్ని రకాలు పెట్టాలి, అత్తవారి వైపు ఎంతమంది ఉన్నారు, అరిసెలు మెత్తగా ఉంటాయా, నువ్వులు అద్దినవి వేరేగా ఇస్తారా, బూందీ లడ్డూ కన్నా మడత కాజా నయమా, పంచడానికి వీలుగా చిన్న పొట్లాలు కట్టి, వాటి మీద అమ్మాయి పేరు వేసి ఇస్తారా, అన్నిటికన్నా ముఖ్యంగా ముహూర్తం రోజు పొద్దుటికి ఆ ఇంటికి చేరుతుందా?

ఈ తల్లి ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగినవారు ఒక మిఠాయి దుకాణం నడపడం లేదు, ఒక శుభకార్యం బరువును సగం తమ భుజాన వేసుకుంటున్నారు. అందుకే అక్కడ బేరం తక్కువగా ఉంటుంది. వ్యాపారం వైపు నుంచి చూస్తే ఇందులో మరికొన్ని సుగుణాలు ఉన్నాయి. ఒక్కో ఆర్డరు పెద్దది కాబట్టి కొరియర్, ప్యాకింగ్ ఖర్చు కిలోకు తక్కువ పడుతుంది. తేదీ ముందే తెలుసు కాబట్టి సరుకు చేసి పెట్టుకుని అమ్ముడుపోలేదని బాధపడే పని లేదు. సగం డబ్బు ముందుగా యూపీఐలో తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఇంటికి సరుకు వచ్చాక డబ్బు ఇస్తామని చెప్పి, తీరా వచ్చాక వద్దని వెనక్కి పంపే బెడద ఇక్కడ దాదాపుగా ఉండదు. ఈ పని ఎంత బాధ్యతతో కూడినదో కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. మామూలు పార్సిల్ ఒక రోజు ఆలస్యమైతే క్షమాపణ చెప్పి సరిపెట్టుకోవచ్చు, సీమంతం మరునాడు చేరిన సారెకు క్షమాపణ ఉండదు. చలిమిడి వంటి త్వరగా పాడయ్యేవాటిని దూరానికి ఒప్పుకోకూడదు. ఒప్పుకున్న తేదీకి ముందు కనీసం రెండు రోజుల వెసులుబాటు పెట్టుకోలేని ఆర్డరును, ఎంత పెద్దదైనా వదులుకోవాలి.

ఇంకొక సంగతి. ఈ గిరాకీ ఏడాది పొడవునా సమంగా ఉండదు. గురు, శుక్ర మూఢాల్లో పెళ్లి ముహూర్తాలు ఉండవు, ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోయినా సారె ఉంటుంది, శ్రావణం రాగానే వరుసగా శుభకార్యాలు మొదలవుతాయి, సంక్రాంతికి కొత్త అల్లుళ్లు వస్తారు. కాబట్టి ఈ వ్యాపారం చేసేవారు ఉగాది రోజునే పంచాంగం ముందు పెట్టుకుని ఏ నెలలో ఎంతమంది పనివాళ్లు కావాలో, ఏ నెలలో చేతిలో డబ్బు ఉండదో రాసుకోవచ్చు. ఇతర ప్రాంతాల వ్యాపారి దగ్గర లేని గిరాకీ క్యాలెండరు మన ప్రతి ఇంట్లోనూ గోడకు వేలాడుతూ ఉంది.

ఇలాంటి అవసరాలు ఇంకేమి ఉన్నాయో వెతకడానికి సులభమైన సాధనాలు ఉన్నాయి, వాటిలో చాలావరకు ఉచితం. గూగుల్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఒక మాట సగం టైప్ చేసి ఆగితే కింద కొన్ని సూచనలు వస్తాయి, ఇతరులు వెతికిన మాటల ఆధారంగానే అవి వస్తాయి కాబట్టి వాటిని శ్రద్ధగా రాసుకోండి. గూగుల్ ట్రెండ్స్‌లో ఒక మాటను ఏ నెలలో ఎక్కువగా, ఏ రాష్ట్రంలో ఎక్కువగా వెతుకుతున్నారో కనిపిస్తుంది. అక్కడి అంకెలు 0 నుంచి 100 వరకు ఉంటాయి. 100 అంటే ఆ కాలంలో ఆ వెతుకులాట అత్యధికంగా ఉన్న స్థాయి అని మాత్రమే అర్థం, వందమంది వెతికారని కాదు. ఈ తేడా తెలియక మోసపోయేవారు ఉన్నారు. ఒకే మాటను తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో మనవాళ్లు రాసే తీరులోనూ రెండు విధాలుగా వెతికి చూడండి, ఫలితాలు చాలా వేరుగా ఉంటాయి.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది, ఇప్పటికే అమ్ముతున్నవారి సరుకు కింద కొన్నవారు రాసిన ఫిర్యాదులకు. ఐదు స్టార్లు ఇచ్చినవారి మాటలు చదివితే ఆనందం కలుగుతుంది, రెండు మూడు స్టార్లు ఇచ్చినవారి మాటలు చదివితే వ్యాపారం కనిపిస్తుంది. విరిగి వచ్చింది, నెయ్యి వాసన లేదు, ఫొటోలో పెద్దదిగా ఉంది చేతికి చిన్నది వచ్చింది, తెలుగులో చెప్పేవారు ఎవరూ ఫోను ఎత్తలేదు అని వారు రాస్తారు. ఒకే ఫిర్యాదు వేర్వేరు అమ్మకందారుల దగ్గర మళ్లీ మళ్లీ కనిపిస్తే, అక్కడ డబ్బు పెట్టడానికి సిద్ధంగా ఉండి కూడా తృప్తి పొందని మనుషులు ఉన్నారన్నమాట. పోటీ ఉందని భయపడి పారిపోవద్దని కూడా ఇందుకే చెబుతాను. ఎవరూ అమ్మని వస్తువు కనిపించినప్పుడు మనకే తట్టిందని మురిసిపోయే ముందు, దాన్ని కొనేవారే లేరేమో అని ఆలోచించాలి.

తెలివిడి ఎలా లాభంగా మారుతుందో చెప్పడానికి కడియం వైపు ఒకసారి చూద్దాం. కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు లారీల్లో దేశమంతా వెళతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో మిద్దె తోటలు పెంచేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వారికి మట్టి బరువు తగ్గించుకోవడానికి కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్ కావాలి. మన అంబాజీపేట ప్రాంతంలో కొబ్బరికి కొదవ లేదు, పీచు తీశాక పొట్టు మిగులుతూనే ఉంటుంది. వెంటనే దిమ్మలు కట్టి కొరియర్‌లో పంపేద్దాం అనిపిస్తుంది. అక్కడే ఆగి లెక్క వేయాలి. 5 కిలోల దిమ్మను తడిపితే సుమారు 70 లీటర్ల వరకు ఉబ్బుతుంది, కాని అది కొరియర్‌లో వెళ్లేటప్పుడు 5 కిలోలే, దాని ధర తక్కువ. ఒక్కొక్క దిమ్మ విడిగా పంపితే రవాణా ఖర్చు సరుకు ధరకు దగ్గరగా వచ్చేస్తుంది. అదే పదిహేను ఇళ్ల అపార్ట్‌మెంట్ సంఘం నుంచి ఒకేసారి ఆర్డరు తీసుకుని, కడియం నుంచి ఎలాగూ నగరానికి వెళ్లే మొక్కల లారీలో పంపితే లెక్క మారిపోతుంది. సరుకు మారలేదు, కొనేవారు మారారు. అమ్మకం మాత్రం ఆన్‌లైన్‌లోనే జరిగింది.

ఇందులో తెలివిడి ఎక్కడ ఉందంటే, కొబ్బరి పొట్టులో సహజంగా ఉప్పు ఉంటుంది. మంచినీటితో బాగా కడగని పొట్టులో పెట్టిన మొక్కకు ఆకు అంచులు మాడతాయి. నగరంలో కొత్తగా తోట పెట్టుకున్న ఆమె నీళ్లు చాలలేదేమోనని ఇంకా నీళ్లు పోస్తుంది, చివరికి తన చేతిగుణమే మంచిది కాదనుకుని మానేస్తుంది. పొట్టును ఎన్నిసార్లు కడగాలో, ఉప్పు పోయిందో లేదో చిన్న మీటరుతో ఎలా చూడాలో, ఏ నెలలో ఏ విత్తనం వేయాలో తెలుగులో నిదానంగా చెప్పే నాలుగు చిన్న వీడియోలు చేసిన కోనసీమ కుర్రవాడి దగ్గర ఆమె పొట్టు కొంటుంది, ఆ తరువాత వేపపిండి కొంటుంది, ఆ తరువాత విత్తనాలు కొంటుంది, పక్కింటి ఆమెకు అతని నంబరు ఇస్తుంది. ఆమె సమస్యను ముందు గుర్తించినందుకు వచ్చిన లాభం అది.

సరుకే అమ్మాలన్న నియమం కూడా లేదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల రైతులకు చెరువు నీటి పరీక్షల ఫలితాలను, మేత లెక్కను, కౌంటును, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయన్న లెక్కను రోజువారీగా తెలుగులో నమోదు చేసి ఇచ్చే సేవ, వారి రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం చేసి ఇచ్చే సేవ ఇలాంటి చిన్న మార్కెట్లే. విదేశాల్లో కొనేవారు నిషేధిత యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించిన సరుకును తిప్పి పంపుతారు కాబట్టి చెరువు రికార్డులు సరిగా ఉండటం రైతుకు ఇప్పుడు అలంకారం కాదు, అవసరం. కంప్యూటరు తెలిసి, ఇంట్లో చెరువు ఉన్న కుర్రవారికి ఇది సొంత భాషలో ఉన్న పని.

ఇక లాభం లెక్క. నేను చెప్పే అంకెలు ఊహించినవే, మీవి మీరు వేసుకోవాలి. 600 రూపాయలకు ఒక మిఠాయి పెట్టె అమ్మారనుకోండి. దినుసులూ, కూలీ, గ్యాసూ కలిపి 300, ప్యాకింగ్ 45, కొరియర్ 110, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి అమ్మకం వేదికకు కమీషనూ ఫీజులూ కలిపి 70, విరిగినవాటికి, తిరిగి వచ్చినవాటికి సగటున 25. మొత్తం 550 పోయింది, చేతిలో 50 మిగిలింది. ఇప్పుడు ఆ ఒక్క కొనుగోలుదారును తెచ్చుకోవడానికి ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటనకు 60 ఖర్చయితే 10 రూపాయల నష్టంతో పెట్టె పంపారు. అమ్మకాలు పెరిగే కొద్దీ నష్టమూ పెరుగుతుంది, బయటివారికి మాత్రం మీ వ్యాపారం పచ్చగా ఉన్నట్టే కనిపిస్తుంది. అదే మనిషి రెండవసారి నేరుగా వాట్సాప్‌లో ఆర్డరు ఇస్తే ప్రకటన 60 లేదు, కమీషన్ 70 లేదు, మిగిలేది 120. ఒకే సరుకు, ఒకే ధర, ఒక అమ్మకంలో 10 నష్టం, మరొక అమ్మకంలో 120 లాభం. మళ్లీ వచ్చే అవసరం ఉన్న మనుషులను ఎంచుకోమని మొదట ఎందుకు అన్నానో ఈ లెక్కలో ఉంది. ఈ లెక్కలో మీ సొంత కూలీని, మీ ఇంట్లో అమ్మ చేసిన పనిని కూడా తప్పనిసరిగా కలపండి. అమ్మ చేతి పనికి విలువ కట్టకుండా వచ్చిన లాభం లాభం కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. తినే పదార్థం ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి, అక్కడ వచ్చే 14 అంకెల సంఖ్య పొట్లం మీద ఉండాలి. తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన తేదీ, ఫిర్యాదుకు ఫోను నంబరు ముద్రించాలి. అమ్మకం వేదికల ద్వారా సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవారికి 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నమోదులో కొంత వెసులుబాటు ఉంది, ఇతర రాష్ట్రాలకు పంపాలంటే నియమాలు వేరు కాబట్టి మొదటి పార్సిల్‌కు ముందే ఒక ఆడిటరుతో మాట్లాడండి. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. ఉప్పాడ జాందానీ, ఆత్రేయపురం పూతరేకులు, నరసాపురం లేసు వంటి గుర్తింపు పొందిన పేర్లను ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారైన సరుకుకే వాడాలి. వేరే ఊళ్లో చేసినదానికి ఆ పేరు తగిలించడం చట్టరీత్యా తప్పు, మన పొరుగువారి కష్టాన్ని దొంగిలించడం కూడా.

ఎంచుకున్న మార్కెట్ సరైనదో కాదో డబ్బు పెట్టక ముందే తేల్చుకునే పద్ధతి చెప్పి ముగిస్తాను. మీరు ఊహించిన ఆ మనుషుల్లో పాతిక ముప్పైమందితో మాట్లాడండి. మేము ఇది పెడితే కొంటారా అని అడగవద్దు. మన గోదావరి జిల్లాల మర్యాద ఎలాంటిదంటే, ఎదురుగా ఉన్న మనిషి మనసు నొప్పించడం ఇష్టం లేక అందరూ తప్పకుండా కొంటామనే అంటారు. దానికి బదులు పోయినసారి ఈ అవసరం వచ్చినప్పుడు ఏం చేశారు, ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, ఏది నచ్చలేదు అని అడగండి. జరిగిపోయిన దాని గురించి మనుషులు నిజం చెబుతారు. చుట్టాలను ఈ లెక్కలో కలపవద్దు. ఆ తరువాత ఒకే సరుకుకు మంచి వెలుతురులో తీసిన నాలుగు ఫొటోలు, స్పష్టమైన ధర, చేర్చే తేదీ రాసి ఆ మనుషులు ఉన్న చోట పెట్టి, ముందుగా ఆర్డరు తీసుకోండి. ఎవరైనా డబ్బు పంపితే అప్పుడు చేసి పంపండి. పొగడ్తలు, లైకులు, ఎప్పుడు మొదలుపెడుతున్నారు అన్న ఉత్సాహపు ప్రశ్నలు ఏవీ లెక్కలోకి రావు. ముందుగా చేరిన డబ్బు ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ఈ పరీక్షకు అప్పు తేవద్దని, ముఖ్యంగా సంఘం అప్పు తేవద్దని అక్కలందరినీ వేడుకుంటున్నాను. పోయినా ఇల్లు గడిచే మొత్తం ఎంతో ముందే ఒక కాగితం మీద రాసుకుని, అది అయిపోగానే ఆగిపోండి. నెలలో లక్షలు నేర్పిస్తామని వేలకు వేలు ఫీజు అడిగే శిక్షణలకు ఆ డబ్బు పోయవద్దు. మీ మొదటి పది పార్సిళ్లు నేర్పేది ఏ శిక్షణా నేర్పలేదు. పరీక్షలో ఎవరూ డబ్బు పంపకపోతే సరుకును పారేయక ముందు కొనేవారిని మార్చి చూడండి. సారెకు అమ్ముడుపోని సున్నుండలు, హాస్టల్లో చదువుకునే పిల్లలకు నెలనెలా ఏదో ఒకటి పంపాలనుకునే తల్లిదండ్రులకు నెలవారీ డబ్బాగా అమ్ముడుపోవచ్చు. వారికి కావలసిన పరిమాణం వేరు, పెట్టె వేరు, ధర వేరు, మాటలు కూడా వేరు. అలా రెండు మూడు రకాల మనుషుల దగ్గరా గిరాకీ కనిపించకపోతే అప్పుడు ఆ సరుకును వదిలేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక మీ ప్రశ్నలు. అడిగేటప్పుడు మీరు అనుకుంటున్న సరుకు పేరుతో పాటు, దాన్ని కొంటారని మీరు నమ్ముతున్న ఒక మనిషి గురించి కూడా చెప్పండి: వయసు, ఊరు, ఏ సందర్భంలో కొంటారో. బరువు, పెట్టె కొలతలు మీ దగ్గర ఉంటే అవి కూడా చెప్పండి, లెక్క ఈ బోర్డు మీదే వేద్దాం.